కుంపటి పగలగొట్టిన మొజాయిక్ గట్టు

ధర్మవరంలో మా వీధి మొత్తానికి నిలబడి వంట చేసిన మొదటి ఆడదాన్ని నేనే. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, నిలబడి కాక ఇంకెట్ల చేస్తారని. డెబ్భైలు పోయి ఎనభైలు వచ్చిన ఆ కొత్తలో మా పక్క ఇండ్లలో పొయ్యి నేల మీదే ఉండేది. పీట వేసుకొని, వంగి, గొట్టంతో ఊది, కండ్లు ఎర్రగా చేసుకొని లేచేవాళ్లం. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందర గదిలో మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకొని మా ఆయన నేసేవాడు, పక్కన రాట్నం ముందర కూర్చొని మా అత్త కండెలు చుట్టేది. ఇంట్లో మంచి చోటంతా మగ్గానిదే. వంటకు వెనక ఒక మూల మిగిలింది.

ఆ మూల గోడ పాతబడి ఒకరోజు కూలిపోయింది. ఎట్లాగూ కట్టాల కదా, కట్టేదేదో గట్టు పెట్టి కట్టిద్దామని నేను పట్టు పట్టినాను. కొత్తచెరువు ఊర్లో మా చిన్నాయన ఇంట్లో అట్లాంటిది చూసినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. మా ఆయన సరేనన్నాడు. అనంతపురం ఆఫీసుల్లో మొజాయిక్ నేలలు వేసే ఒక సాయిబు మేస్త్రీని పిలుచుకొచ్చినాడు. ఆ మేస్త్రీ గట్టు వేరే, సింకు వేరే అనకుండా రెండూ ఒకే పోతగా పోసినాడు. ఎండిన వేపాకు రంగు పచ్చ, అందులో తెల్లవి నల్లవి రాతి పలుకులు. పాలిష్ పట్టినాక చేత్తో నిమిరితే చెయ్యి జారిపోయేది. మొదటి రోజు నేను ఊరికే నిమురుతా నిలబడి అన్నం మాడబెట్టినాను.

వీధిలో ఒకటే నవ్వులు. ఎదురింటామె గడప మీద నిలబడి, "కొళాయి లేని ఇంట్లో సింకు ఏమిటికమ్మా? నీళ్లు లేని చెరువుకు తూము కట్టినట్లుండాది!" అనింది. మాట నిజమే. ఆ ఏడూ వాన లేదు, ముందటేడూ లేదు. వీధి కొళాయికి నీళ్లు వస్తే వచ్చినట్లు, లేకపోతే లేనట్లు. సింకులో ఒక బిందె, ఒక చెంబు పెట్టుకొని వాడుకునేదాన్ని. కడిగిన నీళ్లు గొట్టం గుండా పెరట్లో కరివేపాకు చెట్టుకు పోయేవి.

మా అత్తకు మాత్రం ఆ గట్టు కంట్లో నలుసు. "నిలబడి వండేదానికి నేనేమన్నా హోటల్ మాస్టర్నా?" అని, తన బొగ్గుల కుంపటి తీసుకొని పెరటి వాకిట్లో నేల మీదే కూర్చొని తన పప్పు తాను వండుకునేది. చచ్చేదాకా ఆ గట్టు ముట్టనని కొడుకు ముందర ఒట్టు కూడా వేసింది. మా ఆయనకు అది పెద్ద వేడుక. చీరలు చూసేదానికి వచ్చిన షావుకార్లను కూడా వంటింట్లోకి పిలుచుకొచ్చి గట్టు చూపించి, "మా అమ్మ ఒక్కతే దీనికి విరోధి" అని నవ్వించేవాడు.

అట్లుండగా మా ఆయన చీరల మూట కట్టుకొని బెంగుళూరు రైలెక్కినాడు. ఆడ అమ్మకాలు చూసుకొని, మైసూరు కూడా పోయి, రెండు వారాలకు గాని రానన్నాడు. ఆయన పోయిన మరుసటి రోజే ఇది జరిగింది.

నేను వీధి కొళాయి దగ్గర వరసలో ఉన్నాను. వెనక నుంచి మా ఇంట్లో టపాకాయ పేలినట్లు ఒక శబ్దం. ఆ వెంటనే మా అత్త కేక. బిందె అక్కడే వదిలి పరిగెత్తినాను. వంటిల్లంతా ఆవిరి, బూడిద. గట్టు మీద కుంపటి! సగం ఆరిన బొగ్గులు కొన్ని దాని మూతిలోంచి జారి మొజాయిక్ మీద పడి ఉన్నాయి. మా అత్త చేతిలో ఖాళీ చెంబు పట్టుకొని బిత్తరపోయి చూస్తాంది.

"నీకేమన్నా అయిందా అత్తా? చెయ్యి కాలిందా?"

"నాకేమీ కాలేదు. దానికే అయింది."

నేను వీధిలోకి పోయిన సందు చూసుకొని, మోకాళ్ల నొప్పికి ఒకసారి నిలబడి వండి చూద్దామని కుంపటి ఎత్తి గట్టు మీద పెట్టిందంట. పప్పు ఉడికేదాకా ఆ ఇనుప అడుగు గట్టును కాల్చి కాల్చి పెట్టింది. బొగ్గులు జారేసరికి భయపడి చెంబుడు చన్నీళ్లు కుమ్మరించింది. అంతే, గట్టు పేలింది. సింకు అంచు పక్కన పళ్లెమంత మేర పైపొర లేచి పెచ్చులు పెచ్చులుగా ఎగిరిపోయింది. చుట్టూ నల్లటి కమురు. ఒక పగులు సింకు లోపలికి దిగింది.

నాకు ఏడుపు రావాల. వచ్చేదే. కానీ మా అత్త ముఖం చూస్తే నవ్వు వచ్చింది. ఆమె పెచ్చులన్నీ గబగబా ఏరి కొంగులో వేసుకుంటా, "మేయ్, వాడు రాకముందే దీన్ని సరి చెయ్యాల" అనింది.

"ఆయన ఏమీ అనడులే అత్తా."

"అనడు. నవ్వుతాడు! అమ్మ నిలబడి వండిందని ధర్మవరమంతా చాటుతాడు. నేను చచ్చినా ఆ మాట నా వెనకే వస్తుంది."

అప్పుడు మా అత్త కండ్లలో ఒక మెరుపు చూసినాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నాతో కలిసి ఒక పని తలపెట్టింది లేదు. ఆమె రాట్నం ఆమెది, నా పొయ్యి నాది. ఆ పొద్దు ఆమె నా చెయ్యి పట్టుకొని, "మేస్త్రీ యాడున్నాడో కనుక్కో పో" అంటే నాకు ఒళ్లంతా హుషారు పుట్టింది.

మేస్త్రీ గుత్తిలో ఒక కొత్త కల్యాణ మంటపానికి నేల పోస్తున్నాడని తెలిసింది. మరుసటి రోజు పొద్దున్నే ఇంటికి తాళం వేసి, గుత్తిలో చుట్టాలింటికి పోతున్నామని ఎదురింటామెకు చెప్పినాము. "గుత్తిలో మీకు చుట్టాలు ఎప్పుడు పుట్టినారు?" అని ఆమె అడుగుతానే ఉంది, మేము బస్టాండు దారి పట్టినాము. అనంతపురంలో బస్సు మారినాము. మా అత్త అనంతపురం దాటి బస్సులో పోవడం అదే మొదలు. కిటికీ పక్కన కూర్చొని, ఎండిన శెనక్కాయ చేండ్లు చూసి అయ్యో అంటా, పామిడి వంతెన కింద ఇసుక చూసి అయ్యో అంటా, మళ్లీ అంతలోనే కొంగుముడి విప్పి పెచ్చులు ఉన్నాయా లేదా చూసుకుంటా. రంగు అద్దించే చోటికి పట్టు పోగు నమూనా తీసుకుపోయినట్లు, ఆ పెచ్చులు తెచ్చింది.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చొని నేల పోతలో ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి చెయ్యి తుడుచుకున్నాడు. మా అత్త ముడి విప్పి పెచ్చులు చూపించింది.

"కుంపటి పెట్టినారా అమ్మా, గట్టు మీద!" అన్నాడు ఆయన నెత్తి పట్టుకొని. "చూసేదానికి రాయి గాని, అది సిమెంటమ్మా. కుతకుత కాగినదాని మీద చన్నీళ్లు పోస్తే పగలక ఏమి చేస్తుంది పాపం?"

"ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసిందిలేప్పా. నువ్వు వచ్చి సరి చెయ్యి."

"పోత మొదలుపెట్టినానమ్మా. దీన్ని మధ్యలో వదిలి వచ్చేదానికి లేదు. నెల పడుతుంది."

మా అత్త ముఖం వాడిపోయింది. నాకు ఎట్ల వచ్చిందో తెగువ, "మాకు చెప్పన్నా. మేమే చేసుకుంటాం" అన్నాను. మేస్త్రీ నన్ను చూసినాడు, మా అత్తను చూసినాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. మూలన పాడైన ఒక పాత పలక ఉంటే దాన్ని ముందర వేసి, ఉలి నా చేతికి ఇచ్చినాడు.

"ఊగేదంతా తీసెయ్యాల. కమురు పట్టినదంతా పోవాల. గుంత అంచు నిలువుగా ఉండాల. పళ్లెం మాదిరి వాలుగా ఉంటే పలచటి అంచు మళ్లీ లేచిపోతుంది. పూరించే ముందు రాత్రంతా గుంతను తడపాల. తర్వాత తెల్ల సిమెంటు పాల మాదిరి కలిపి లోపల పూసి, అది ఆరకముందే రంగు, పలుకులు కలిపిన అసలు ముద్ద కూరాల. ఆమీద కనీసం వారం తడి గోనెపట్ట కప్పి ఉంచాల. ఆఖరున రుద్దుడు."

నేను కొట్టినాను. మా అత్త కూరింది. మేస్త్రీ తప్పు చూపిస్తే చెరిపి మళ్లీ కూరింది. మధ్యాహ్నం దాటింది, మాకు ఆకలే తెలియలేదు. వచ్చేటప్పుడు ఆయన తెల్ల సిమెంటు, తెలుపు నలుపు రాతి పలుకులు, పచ్చ రంగు పొడి పొట్లం కట్టించి ఇచ్చినాడు. రుద్దేదానికి అరిగిపోయిన రెండు పాలిష్ రాళ్లు ఇచ్చినాడు, ఒకటి గరుకు, ఒకటి నునుపు. బస్సులో ఆ బరువు ఒడిలో పెట్టుకొని మేమిద్దరం బంగారం తెచ్చుకున్నట్లు తెచ్చుకున్నాము.

ఇంటికి వచ్చినాక మొదట తేలాల్సింది రంగు. పచ్చపొడి ఎంత వెయ్యాల? మేస్త్రీ చిటికెడు అన్నాడు గాని, ఎవరి చిటికెడు? నేను గుంతపొంగనాల పాత పెనం తీసినాను. ఒక్కొక్క గుంతలో ఒక్కొక్క కొలత రంగు కలిపి సిమెంటు పోసినాము. మరుసటి పొద్దుకు పెనం నిండా పచ్చటి పొంగనాలు! నేను ఒకటి తీసి పెచ్చు పక్కన పెట్టి, "ఇదే అత్తా, సరిపోయింది" అని ఎగిరినాను.

"అది ఇంకా తడిగా ఉంది. పట్టు కూడా తడిలో ఒక రంగు, ఆరితే ఒక రంగు. ఆరనీ" అనింది మా అత్త. ఎండలో పెడితే సాయంత్రానికి అది బాగా తేలిపోయింది. నాకు అంతకుముందు మరీ ముదురనిపించిన పొంగనం ఆరి, వేపాకు రంగుకు వచ్చింది. మా అత్త దాన్ని పెచ్చు పక్కన పెట్టి, గుమ్మం వెలుతురులో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, తల ఊపింది.

గట్టులో ఊగేదంతా, కమురంతా నేను ఉలితో కొట్టి తీసేసినాను. అంతవరకు బాగానే ఉంది. గుంతను తడపడం దగ్గర మేము ఇద్దరమూ తప్పు చేసినాము. కొళాయి రాక మూడు దినాలైంది. ఇంట్లో ఉన్నది తాగే నీళ్లే. "రాత్రంతా తడపమంటే ఎట్లమ్మా, మనిషికే లేవు నీళ్లు. చిలకరిస్తే చాల్లే" అనింది మా అత్త. నాకూ తొందరే. చిలకరించినాము, పూసినాము, కూరినాము, నున్నగా సవరించినాము. ఎంత అందంగా కుదిరిందో! రెండో దినం గోనెపట్ట ఎత్తి వేలితో తట్టినాను. డొల్ల శబ్దం వచ్చింది. అంచు పట్టి లాగితే పెనం మీది దోసె మాదిరి మొత్తం లేచి చేతికి వచ్చింది. ఎండిన పాత సిమెంటు కొత్తదాని తడినంతా తాగేసింది.

మా అత్త ఆ సిమెంటు దోసెను చేతిలో పట్టుకొని నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే ఎదురింటామె మజ్జిగ కోసం లోపలికి వచ్చింది. గట్టులో గుంత చూసింది, ఎండలో పచ్చ పొంగనాలు చూసింది, మా అత్త చేతిలో దోసె చూసింది.

"ఏమి ఇది? ఏమి వండుతాండారు మీరిద్దరూ?"

దాచేదానికి ఇంకేమీ మిగల్లేదు. మా అత్తే అంతా చెప్పింది, కుంపటి దగ్గర నుంచి గుత్తి దాకా. ఎదురింటామె నవ్వి నవ్వి గోడకు ఆనుకొని కూలబడింది. ఇంక వీధంతా చాటుతుందనుకున్నాను. ఆమె కండ్లు తుడుచుకొని, "నీళ్లే కదా కావాల్సింది? మా బావిలో అడుగున ఇంకా ఊట ఉండాది. నాకు కూడా కూరేది నేర్పిస్తారా మరి?" అనింది.

ఆ సాయంత్రం ఆమె తాడుతో చేది చేది బిందెలు పంపింది. తాగేదానికి పనికిరాని మట్టి నీళ్లు, అడుగున బురద. కొంచెంసేపు కదలకుండా పెట్టి తేర్చుకున్నాము. గుంతలో తడిగుడ్డలు కుక్కి రాత్రంతా పోస్తానే ఉన్నాము. తెల్లవారేసరికి పాత సిమెంటు ఇంక తాగనని నీళ్లు పైనే నిలబెట్టింది. అప్పుడు కూరినాము. నేను సిమెంటు పాలు పూస్తే, మా అత్త పలుకులు కలిపిన ముద్ద ఒత్తింది, ఎదురింటామె చపాతీ కర్రతో అణిచింది. తెల్ల పలుకులు ఒకచోటే కుప్పపడితే మా అత్త ఒప్పుకోలేదు. చీరలో బుటాలు అటూ ఇటూ పడినట్లు పడాలని గోటితో ఒక్కొక్కటి తీసి మళ్లీ గుచ్చింది.

తర్వాత ఎదురుచూపు. ఎంత కష్టమమ్మా అది! పొద్దునా సాయంత్రం గోనెపట్ట తడపడం, తట్టి చూడకుండా చేతులు కట్టుకోవడం. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, అన్నీ దాని మీదికే. కరివేపాకు చెట్టు ఆ వారమంతా ఎండింది. రాట్నం దగ్గర కూర్చున్నా మా అత్తకు చూపు వంటింటి మీదే. నేను గోనెపట్ట ఎత్తబోతే, "పసిబిడ్డ నిద్రపోతాంటే ముసుగు తీస్తావా!" అని అరిచేది. నేను అవతలికి పోతే తనే లేచి ఎత్తి చూసేది.

వారం నిండిన పొద్దు తట్టినాము. గట్టిగా, పాత గట్టు ఎట్ల పలికిందో అట్లే పలికింది. ఎదురింటామె ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చింది. రుద్దుడు మొదలైంది. గరుకు రాయి పట్టుకొని, నీళ్లు పోస్తా గుండ్రంగా రుద్దాల. ఒకరు అలిసిపోతే ఒకరు. పచ్చటి పాలు కారతాయి, చెంబుతో కడుగుతాము, మళ్లీ రుద్దుతాము. మొదట ఏమీ కనపడలేదు, పచ్చటి బండ, అంతే. చేతులు నొప్పి పుట్టి, ఇది మనవల్ల కాదేమో అనుకుంటాండగా, మా అత్త కడిగిన చోట ఒక తెల్ల పలుకు బయటపడింది.

"వచ్చింది మేయ్, వచ్చింది!"

అందరమూ ఒకరి మీద ఒకరు పడి చూసినాము. ఇంకొంచెం రుద్దితే పక్కన నల్లది. దాని పక్కన ఇంకొకటి. ఆకాశంలో చీకటి పడేకొద్దీ చుక్కలు తేలినట్లు తేలినాయి. ఇంక ఎవరూ రాయి వదిలితేనా! "నా వంతు, నా వంతు" అని చిన్నపిల్లల మాదిరి కొట్లాడుకున్నాము. సందుల్లో సూదిమొనంత బొక్కలుంటే మళ్లీ పాలు పూసి ఆరబెట్టి, రెండో పొద్దు నునుపు రాయి పట్టినాము. ఆఖరున మైనం రాసి పాత పట్టుగుడ్డతో తుడిచినాము. కండ్లు మూసుకొని చెయ్యి పెట్టి నిమిరి చూసినాను. పాతది యాడ అయిపోయింది, కొత్తది యాడ మొదలైంది, నా వేళ్లకు తెలియలేదు. కంటికి మాత్రం బాగా చూస్తే తెలిసేది. కొత్తది ఒక్క పిసరు లేత. సింకులోకి దిగిన పగులు సన్నటి గీతగా మిగిలింది.

మా ఆయన ఆదివారం రైలుకు వచ్చినాడు. స్నానం చేసి, వంటింట్లోకి వచ్చి, గట్టుకు ఆనుకొనే నిలబడి, సరిగ్గా ఆ చోటే లోటా పెట్టుకొని కాఫీ తాగుతా మైసూరు సంగతులు మొదలుపెట్టినాడు. ఆయనకు ఏమీ కనపడలేదు. మేము గెలిచినాము! నేను మా అత్త వైపు చూసి కన్ను గీటినాను. ఆమె మాత్రం కాళ్లు కాలిన పిల్లి మాదిరి గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతాంది. కొడుకు రెండో లోటా కూడా తాగేసినాడు. ఇంక ఆమెకు పట్టలేదు.

"ఏరా, కండ్లు యాడ పెట్టినావు నువ్వు?"

"ఏమ్మా?"

"లోటా తియ్యి! దాని కింద చూడు! సింకు పక్కన చూడు! పళ్లెమంత పగిలిపోతే మేము పోసినాము. మేమే! రంగు చూడు, ఒక్క పోగన్నా తేడా ఉందా?"

ఆయన లోటా తీసి, వంగి, చేత్తో నిమిరి, ఆ పక్క నుంచి ఈ పక్క నుంచి చూసినాడు. నమ్మలేదు. పొంగనాలు తెచ్చి చూపించినాము. గుత్తి సంగతి చెప్పినాము. "ఎట్ల పగిలిందమ్మా అసలు?" అని అప్పుడు అడిగినాడు.

మా అత్త ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత గడ్డం ఎత్తి, "నేను నిలబడి పప్పు వండినాను, అట్ల పగిలింది. అయితే ఏమిప్పుడు?" అనింది.

ఆయన ఎంత నవ్వినాడో చెప్పలేను. మా అత్తకు కోపం రాలేదు. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రమే ఆయన వీధిలో కనపడిన వాళ్లందరినీ పిలుచుకొచ్చి చూపించినాడు. ఈసారి గట్టును కాదు, మేము అతికిన చోటును. మా అత్త పక్కన నిలబడి, "నీళ్లు తాగించాల, అదే కిటుకు" అని ప్రతి ఒక్కరికీ చెప్పింది.

ఆ తర్వాత ఆమె గట్టు మీదే వండింది, నా కిరసనాయిలు స్టవ్ కింద ఒక నాపరాయి ముక్క వేసుకొని. కుంపటి పెరట్లోనే ఉండిపోయింది. మాకు పిలుపులు మొదలైనాయి. ఒకరికి గడప పగిలింది, ఒకరికి గిన్నెలు తోమే జాలాడి అంచు పోయింది. మగ్గం పని అయినాక, కొళాయి వచ్చిన రోజు చూసుకొని, ఇద్దరమూ పాలిష్ రాళ్లు సంచిలో వేసుకొని పోయేవాళ్లం. ఎదురింటామె మరుసటి ఏడు తన ఇంట్లో కూడా గట్టు కట్టించింది. దానికి ఏ రంగు వెయ్యాలనే దగ్గర మాకూ ఆమెకూ పెద్ద జగడం. ఆమెకు ఎరుపు కావాల. నేను పచ్చే బాగుంటుందన్నాను. మా అత్త మాత్రం ఆమె వంటింట్లో కిటికీ ఏ దిక్కుకు ఉందో, పొద్దున వెలుతురు ఎట్ల పడుతుందో చూడనిదే ఒక్క మాట చెప్పనని, మమ్మల్ని ఇద్దరినీ తెల్లవారుతూనే లేపి తీసుకుపోయి, ఆ ఖాళీ గోడ ముందర నిలబెట్టింది.